ఆపమని ఎవరూ చెప్పలేదు

శ్రీరామ

కూకట్‌పల్లి,
8-6-1999, మంగళవారం.

పౌర విన్నపాల విభాగం అధికారి పార్థసారథి గారికి వీరలక్ష్మి నమస్కరించి రాయునది.

ఈ ఉదయం ఐదింటికి కుళాయి వచ్చింది. బిందెలు నింపి, నందివర్ధనాలు కోసి, దీపం పెట్టాను. మా తమ్ముడు యజ్ఞనారాయణ వరండాలో పేపరు పట్టుకుని కార్గిల్ కొండల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు. వాడి కొడుకు తేజ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కోడలు ఉమాశ్రీ మెడలో ఆఫీసు కార్డు వేసుకుని "వస్తాను పెద్దత్తయ్యా" అంది. ఏడూ నలభైకి హైటెక్ సిటీ బస్సు. గుమ్మం దిగుతూ రెండో మెట్టు మీదే కూర్చుండిపోయింది. కళ్లు తిరిగాయట. ఆ పిల్లకు ఐదో నెల.

కారణం నిన్న సోమవారం కావడం.

1965 యుద్ధంలో అప్పటి ప్రధానమంత్రి గారు సోమవారం రాత్రి పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు. గింజలు తక్కువ. ఓడల్లో వచ్చే గోధుమల కోసం పరాయివాళ్ల మొహం చూసే రోజులు. మా నాన్నగారు అమలాపురంలో హెడ్మాస్టరు. ఆ మాట విన్న సోమవారమే పొయ్యి ఆర్పించారు. "మనల్ని ఏలినవాళ్లు ముందు పట్టుకున్నది మన గాదెలనే. ఒకరు పెడితే తినే దేశం చేతిలో తుపాకీ ఉన్నా, అది పెట్టినవాడు చూపిన వైపే పేలుతుంది" అనేవారు.

ఆపమని ఎవరూ చెప్పలేదు. మేమూ ఆపలేదు. సోమవారం రాత్రి తలా ఒక గ్లాసు మజ్జిగ, అంతే. మరదలు పోయాక ఈ ఇల్లు నేనే చూస్తున్నాను. నియమం తప్పలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ ఉమాశ్రీని ఒక్క పూటా మానవద్దంది. "నువ్వు తినమ్మా" అన్నాడు మా తమ్ముడు. "మీరు తింటే నేను తింటాను మామయ్యగారూ. కొండల మీద యుద్ధం జరుగుతుంటే నాకొక్కదానికి కంచం పెడతారా?" అంది ఆ పిల్ల. "నాన్నకు మాటిచ్చాను. మానమన్నది ప్రభుత్వం. ఆపమనాల్సిందీ ప్రభుత్వమే" అన్నాడు వాడు. ఈ ఇద్దరి పట్టుదలకూ మధ్య కడుపులో ఒక పసిప్రాణం ఉంది.

కనుక ఇక ఆపవచ్చని ఒక్క ముక్క రాసి పంపగలరు.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. రెండు వేల సంవత్సరం రాకముందే కంప్యూటర్లలో పాత తేదీలు సరిచేయడం ఉమాశ్రీ ఉద్యోగం. ఇంట్లో పాత తేదీని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వదు.

●

పౌర విన్నపాల విభాగం
తేది: 21-6-1999

శ్రీమతి వీరలక్ష్మి గారికి,

విషయము: సోమవారం రాత్రి భోజనము లేకపోవుట గురించి.

తెలియజేయునది ఏమనగా, తమరి కుటుంబమున నలుగురు ప్రతి సోమవారం రాత్రి అన్నము లేక మజ్జిగతో సరిపెట్టుకొనుచున్నట్లు తెలిసి విచారించుచున్నాము. తెల్ల రేషన్ కార్డు కొరకు దరఖాస్తు జతపరచనైనది. ఆదాయ ధ్రువీకరణతో పంపగలరు.

భవదీయుడు,
పార్థసారథి

తా.క. దరఖాస్తు చేయుటలో జరిగిన ముప్పై నాలుగు సంవత్సరముల జాప్యమునకు కారణము వేరు కాగితముపై వ్రాయవలెను.

●

శ్రీరామ

కూకట్‌పల్లి,
24-6-1999.

పార్థసారథి గారికి నమస్కారాలు.

మీ దయకు సంతోషం. దరఖాస్తు తిప్పి పంపుతున్నాను. ఇంకెవరికైనా అక్కరకొస్తుంది.

మాకు అన్నం ఉంది. ఉండే మానుతున్నాం. ఇది దేశం కోసం చేస్తున్న ఉపవాసం. ప్రభుత్వం నోటి నుంచి మాట వచ్చేదాకా ఆపేది లేదని మా తమ్ముడు భీష్మించుకు కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా దేవుడి దయవల్ల అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నా బెంగల్లా ఉమాశ్రీ గురించే. మొన్న సోమవారం తేజ ఆమె బ్యాగులో నాలుగు వేరుశెనగ ఉండలు దాచాడు. మంగళవారం చూస్తే రెండున్నాయి. ప్రాణం లేచొచ్చింది. అడిగితే తగ్గిన రెండూ తేజే తిన్నాడట.

త్వరపడగలరు. మేము ఆగగలం. బిడ్డ ఆగదు.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. పోయిన ఏడాది అణుపరీక్ష జరిగిందీ సోమవారమే. కింది వాటా సీతారామయ్య గారు ఆనందం పట్టలేక ఆ సాయంత్రమే కిలో జిలేబీ తెచ్చారు. మా తమ్ముడు లేచి నిలబడి జైహింద్ అన్నాడు, జిలేబీ ఫ్రిజ్‌లో పెట్టాడు. మంగళవారం తెల్లవారి మేము లేచేసరికి ఖాళీ డబ్బా ఉంది.

●

పౌర విన్నపాల విభాగం
తేది: 19-7-1999

శ్రీమతి వీరలక్ష్మి గారికి,

విషయము: నిరాహార దీక్ష నోటీసు.

ప్రభుత్వము మాట ఇచ్చువరకు దీక్ష విరమించబోమని తమరు పంపిన నోటీసు అందినది. ఈ క్రింది వివరములు వెంటనే తెలుపవలెను. డిమాండ్లు ఏవి? దీక్ష రిలేనా, ఆమరణమా? టెంటు రోడ్డు మీదనా, సొంత స్థలములోనా? మైకునకు అనుమతి కలదా?

విచారణ నిమిత్తము మా సిబ్బంది తిమ్మప్ప 26వ తేది సోమవారం సాయంత్రము వచ్చును. సహకరించగలరు.

భవదీయుడు,
పార్థసారథి

తా.క. దీక్ష మొదలై ముప్పై నాలుగేండ్లయినదనియు, అందరూ ఆరోగ్యముగా ఉన్నారనియు వ్రాసినారు. ఈ రెంటిలో ఏదో ఒకటి సవరించవలెను.

●

శ్రీరామ

కూకట్‌పల్లి,
27-7-1999, మంగళవారం.

పార్థసారథి గారికి నమస్కారాలు.

నిన్న సాయంత్రం ఆరింటికి మీ తిమ్మప్ప గారు వచ్చారు. టీవీలో వార్తలు. కార్గిల్ కొండలన్నీ తిరిగి మన చేతికొచ్చాయని చెబుతున్నారు. మా తమ్ముడు కళ్లు తుడుచుకుంటున్నాడు. మీ మనిషి గుమ్మంలో నిలబడి, తులసికోట వెనక్కి కూడా తొంగిచూసి, "టెంటు యాడుందమ్మా?" అన్నారు.

"టెంటు లేదు నాయనా. కూర్చో."

"మైకు?"

"మా తమ్ముడున్నాడుగా" అన్నాను.

ఆయన కాగితం తీసి, డిమాండ్లు చెప్పమన్నారు. లేవన్నాడు మా తమ్ముడు. "డిమాండ్లు లేకుండా దీక్షేంది సార్? మా అయ్యవారు నన్ను తిడతాడు" అన్నారాయన. అప్పుడు మా తమ్ముడు మొదటి నుంచీ చెప్పాడు. యుద్ధం, గోధుమ ఓడలు, నాన్నగారి మాట, ఆర్పిన పొయ్యి.

తిమ్మప్ప గారు కలం మూసేశారు. మీకు తెలుసో లేదో, ఆయన మీ ఆఫీసుకు రాకముందు సిపాయి. కదిరి దగ్గర పల్లె.

"ఆ యేడు పంజాబు సరిహద్దులో ఉంటి సార్. పంతొమ్మిదేండ్లోణ్ణి. కందకంలోకి రొట్టె, బెల్లం వచ్చేది. యాడనుంచి వస్తాందని మేం అడగలే. అమలాపురంలో పొయ్యి ఆర్పినారని ఇప్పుడు తెలిసె."

మా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"మీకు అందిందా అండీ?"

"అందింది సార్."

"కడుపునిండానా?"

"ఒక్కపూట గూడా పస్తు లేం సార్."

వాడు నాన్నగారి ఫొటో వైపు తిరిగి, "విన్నారా నాన్నగారూ?" అన్నాడు. నేను పూజగది వైపు తిరిగాను. ముప్పై నాలుగేళ్లుగా ఆ దేవుణ్ణి అడుగుతున్నదీ అదే ప్రశ్న.

అప్పుడు తిమ్మప్ప గారు పటాలంలో ఉన్నట్టే నిటారుగా నిలబడి, "తిన్నోణ్ణి నేను చెప్తాండా. ఈ బిడ్డకు అన్నం పెట్టండి" అన్నారు.

"అందరూ మానితే నేనెలా తింటానండీ?" అంది ఉమాశ్రీ.

"సూడు తల్లీ, మానేది ఇంట్లో ఉండేటోళ్లు. డ్యూటీలో ఉండేటోడు తినాల. నీ కడుపులో ఉండేటోడు ఇప్పుడు డ్యూటీలో ఉండాడు."

ఆ పిల్ల లేచి తన కంచం తెచ్చుకుంది. నేను పొయ్యి వెలిగించాను. సోమవారం రాత్రి మా ఇంట్లో అన్నం ఉడికిన వాసన ఎలా ఉంటుందో నేనూ మరిచిపోయాను. పప్పు, వంకాయ కూర. ఒక్కతే తినడానికి సిగ్గుపడుతుంటే తిమ్మప్ప గారిని పక్కన కూర్చోబెట్టాం. ఇద్దరూ కడుపునిండా తిన్నారు. మేము ముగ్గురం మజ్జిగ గ్లాసులు పట్టుకుని ఎదురుగా కూర్చుని చూశాం. మా తమ్ముడు "ఇంకాస్త పప్పు వెయ్యక్కా" అని ఆయనకు మూడుసార్లు వేయించాడు.

తరువాత కూర్చుని నిర్ణయించుకున్నాం. సోమవారం నియమం వదిలేది లేదు. ఉమాశ్రీ మాత్రం తింటుంది. బిడ్డ పుట్టి, పెరిగి, తన సంగతి తనే తేల్చుకుంటాడు. దీక్ష రిలేనా, ఆమరణమా అని అడిగారు కదా. నాన్నగారి చేతి నుంచి మా తమ్ముడి చేతికి వచ్చింది. రిలే అనే రాసుకోండి.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. నిన్న నిర్ణయించుకున్నది ఇంకొకటి ఉంది. మేము మానిన అన్నం ఎవరికి చేరుతుందో ఇకనుంచి కళ్లారా చూడాలని. కనుక ప్రతి సోమవారం తిమ్మప్ప గారిని ఆఫీసు నుంచి ఒక అరగంట ముందుగా పంపగలరు. కాగితంలో ఖాళీగా వదిలేసిన చోట రాసుకోండి. మా డిమాండు ఇదొక్కటే.