పళ్ళ జిగురు

బాబాయ్, క్షేమసమాచారాలు తర్వాత. కట్టుడు పళ్ళు కదలకుండా మీరు ట్యూబులకు ట్యూబులు పిండుకునే ఆ జిగురు ఈపూటే ఆపేయండి. అందులో జింకు ఉంది.

మా ల్యాబులో నరాల కణాలు పిసరంత జింకుతోనే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. మైక్రోస్కోపులో మిణుగురుల్లా వెలుగుతుంటాయి. నిన్న ఆ జిగురే కొని నలుసంత కలిపాను. అన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ పలకలేదు. ఒంట్లో జింకు పేరుకుంటే రాగి తరిగిపోయి కాళ్ళ నరాలూ మూగబోతాయి.

"చెప్పు జారిపోయిందని కూడా తెలీలేదమ్మా, ఒంటి చెప్పుతోనే ఇంటికొచ్చేశా. మీ పిన్ని ఒకటే నవ్వు" అని రాశారు. నిన్నటిదాకా నేనూ నవ్వుకున్నాను.

డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్దురుగాని. ముందు పిన్నిని పిలిచి ఆ అరికాలు చూడమనండి. ఏం గుచ్చుకుని ఉన్నా మీకు తెలియదు.