మూడు మరల మీద నిలిచిన అద్దం

బుల్లమ్మా, మన కుమారి అద్దం నిలబడిపోయిందే! నీ ఫోను సముద్రంలో పడింది కాబట్టి విజయనగరం నుంచి ఈ కార్డు రాస్తున్నాను.

మన పిల్ల కాలేజీలో చేపపిల్ల గుండె కొట్టుకోవడం చూసే యంత్రం కడుతోంది కదా. కూరకు రాని చేప గుండెతో ఏం పనో నాకింకా అర్థం కాలేదు. కాగితమంత పలచని వెలుగు దాని మీద పడాలట. ఆ వెలుగును పంపే అద్దం కింద నాలుగు మరలు. ఒకటి బిగిస్తే ఇంకోటి లేచిపోయి వెలుగు పక్కకు పోతోంది. గురువారం పెద్ద సార్లు వచ్చేసరికి నిలవకపోతే చదువు ఇంకో ఏడాదట. పిల్ల అన్నం ముట్టలేదు.

నేను ఊరుకోలేక, "ఓలమ్మా, కుండకి నాలుగు రాళ్లెడతారేటే? ఇసకలో పొయ్యికి మీయమ్మ మూడే కదా ఎడతాది!" అన్నాను. అది నన్ను అలాగే చూసి, ఒక పక్క రెండు మరలూ తీసేసి నడుమ ఒకటే పెట్టింది. బల్ల గుద్దినా వెలుగు కదల్లేదు! నిన్న పెద్ద సార్లు చూసి చప్పట్లు కొట్టారు. "నాన్నా, అమ్మ పొయ్యే గెలిపించినాది" అని పిల్ల ఏడ్చింది. గెలిచాక ఏడుపేమిటో!

నేను తెచ్చిన ఎండు నెత్తళ్ల చేపలన్నీ సార్లే తినేశారు, ఇంకో కిలో పంపు. మా తమ్ముడు గోపి వల బాగుచేశాడా? మబ్బేస్తే ఎండబెట్టిన చేపలు కప్పు.

మీ అన్న నారాయణమూర్తికి, మా అక్క ఈశ్వరికి, అనూరాధ వదినకు చెప్పు. "ఆడపిల్లకి ఇంకా సదువేటి మావా" అన్న శివాజీకి అందరికంటే ముందు చెప్పు. పిల్ల ఏం చేసిందని అడిగితే నాకూ తెలియదు. మన పొయ్యి చూపించు.