సగం నింపిన డబ్బాలు

హుస్సేనీ ఆలం, హైదరాబాద్.
ఆదివారం, మధ్యాహ్నం.

నన్ను చంకనెత్తుకొని పెంచిన అక్క కాళ్లకు మొక్కి, తమ్ముడు మల్లేశం రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, సరళ, బిడ్డ మౌనిక ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వాన చలికి పట్టేస్తుందని పోయినసారి రాశావు. రోజూ నువ్వుల నూనె రాయించుకో. మరిచిపోయాననకు, నువ్వు మరిచిపోయేది నీ ఒంటి సంగతి ఒక్కటే.

బాగున్నామని అలవాటు కొద్దీ రాసేశాను గానీ, మౌనిక కుడి చేతికి కట్టు ఉంది. భయపడకు. మణికట్టు దగ్గర ఎముక సన్నగా పగిలింది, ఆరు వారాల్లో అతుక్కుంటుందని డాక్టర్ చెప్పాడు. మూడు వారాలు అయిపోయాయి. వేళ్లు కదుపుతోంది, ఎడమ చేత్తో చెంచా పట్టుకొని అన్నం తింటోంది. ఈ సంగతి ఫోనులో చెప్పాలంటే నీ చెవికి ఆనేలా అరవాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. పైగా మాకున్నది ఒక్కటే గది, నేను అరిస్తే సరళ వింటుంది. అందుకే రాస్తున్నాను. నువ్వే చదువుకో, ఇంట్లో ఎవరి చేతా చదివించకు.

మేం ఊరు విడిచి వచ్చి ఎనిమిది నెలలు దాటింది. బోరు ఎండిపోయి మన బర్రెలను అమ్ముకున్న రోజు, ఇక జన్మలో పేడ ఎత్తనని నీ ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు ధూల్‌పేట్ దగ్గర నర్సింగన్న తబేలాలో ఇరవై రెండు బర్రెల పేడ ఎత్తుతున్నాను. ఇక్కడ దొడ్డిని తబేలా అంటారు, పేరు మారింది కానీ వాసన అదే. పొద్దున పాలు పిండి, మోపెడ్‌కు రెండు పక్కలా ఇరవై లీటర్ల డబ్బాలు తగిలించుకొని గల్లీ గల్లీ తిరిగి పోసి వస్తాను. సరళ డబ్బాలు తోముతుంది, తబేలా ఊడుస్తుంది. వానలు పడుతూనే ఉన్నాయి. ధూల్‌పేట్ సందుల్లో చవితికి చేసిన వినాయకుల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. వాటి మధ్య నుంచి బండి తీయాలంటే ఊపిరి బిగబట్టాలి. ఉర్దూ కొంచెం కొంచెం వచ్చింది. మొదట్లో ఎవరేమన్నా తల ఊపేవాడిని, ఒకసారి అలాగే ఊపి నాలుగు లీటర్లకు బదులు ఆరు లీటర్లు పోసి వచ్చాను. ఇప్పుడు తిరిగి జవాబు చెబుతున్నాను.

మాకు పాలు పోయించుకునేవాళ్లలో రఫీక్ భాయ్ అని ఆటో నడిపే మనిషి ఉన్నాడు. మంచివాడు. రోజూ గిన్నె పట్టుకొని వచ్చి, "మల్లేశం భాయ్, ఆజ్ పానీ కిత్నా, దూద్ కిత్నా?" అని నవ్వుతాడు. నీళ్లెన్ని, పాలెన్ని అని. నేనూ నవ్వేవాడిని. కానీ నర్సింగన్నకు ఆ మాట నవ్వులాట కాదు. పనిలో చేరిన రోజే చెప్పాడు: "తబేలా గేటు దాటినంక పాల డబ్బాల నీళ్లచుక్క కనవడొద్దు. కడుగుడు గూడ లోపల్నే. ఎవడన్న నీళ్ల నల్లా కాడ నిన్ను డబ్బాతోని చూసిండంటే మూడు తరాల పేరు పోతది." ఆ మాట గుర్తు పెట్టుకో అక్కా, దీంతోనే పని పడుతుంది.

ఇక మౌనిక సంగతి. మన ఊళ్లో నోరు మూయించడానికి బతిమాలాల్సిన పిల్ల, ఇక్కడికి వచ్చాక ఆరు నెలలు మాట్లాడలేదు. బడిలో దాని మాట విని పిల్లలు నవ్వారట. అన్నం పెడితే తినేది, పుస్తకం ముందు పెట్టుకొని గోడ చూసేది. పదమూడేళ్ల పిల్ల అలా కూర్చుంటే నాకు గడ్డిమోపు ఎత్తే బలం కూడా ఉండేది కాదు. ఒక ఆదివారం నాతోపాటు మూసీ ఒడ్డుకు గడ్డికి తీసుకువెళ్లాను. అక్కడ గడ్డి మడుల పక్కన పెద్ద ఖాళీ జాగా ఉంది. రాళ్లు, గుంతలు, బండ్లు తొక్కి చేసిన మట్టి బాట. నేను గడ్డి కట్టేదాకా బండి మీద కూర్చొని, "బాపు, నేను నడుపాల్నా?" అంది. ఆరు నెలల తరువాత నన్ను అడిగిన మొదటి మాట అది. కాదని నేనెలా అంటాను?

సరళ ససేమిరా అంది. నాలుగు రోజులు బతిమాలితే షరతులు పెట్టింది. "నేర్పియ్యి, కాని రోడ్డెక్కద్దు. బండి మీద బరువుండొద్దు. నువ్వు వెనుక పట్టుకున్న చెయ్యి తియ్యద్దు. గీ మూడిట్ల ఒక్కటి తప్పినా నాతోని మంచిగుండది." సరేనన్నాను.

నాలుగు ఆదివారాలు బాగా గడిచాయి. పొద్దున పాలు పోసి వచ్చాక ఇద్దరం వెళ్లేవాళ్లం. అది నడుపుతుంటే నేను వెనుక క్యారియర్ పట్టుకొని పరుగెత్తేవాడిని. నలభై నాలుగేళ్ల మనిషి గుంతల్లో పరుగెత్తడం చూసి గడ్డి కోసే ఆడవాళ్లు పనులు ఆపి నవ్వేవాళ్లు. మౌనిక కూడా నవ్వేది అక్కా. దారంతా మాట్లాడేది, ఇంటికి వచ్చి వాళ్లమ్మకు మళ్లీ అన్నీ చెప్పేది. ఆ ఒక్క గంట కోసం నేను వారమంతా ఎదురుచూసేవాడిని.

కానీ ఉత్త బండి రాళ్ల మీద ఎగిరేది. నాకేమో డబ్బాలు లేని బండి నడపడం సరిగ్గా రాదు. బరువుంటేనే చక్రం నేలను పట్టుకుంటుందని నా లెక్క. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నాకు సైకిల్ నేర్పేటప్పుడు నాన్న వెనుక క్యారియర్‌కు అడ్డంగా కర్ర కట్టాడు చూడు, పడ్డా సైకిల్ కాలి మీద పడకుండా. నువ్వే ఆ కర్ర వెతికి తెచ్చావు. డబ్బాలు కూడా అలాగే ఆపుతాయి కదా అనుకున్నాను. అయిదో ఆదివారం ఖాళీ డబ్బాలు తగిలించాను. అవి కొక్కేల మీద ఎగిరి ఒకటే చప్పుడు. గడ్డి మడుల వెనుక ఒక నల్లా ఉంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకొని రెండు డబ్బాలూ నిండా నింపాను. నర్సింగన్న చెప్పిన మాట నాకు గుర్తుంది, అయినా నింపాను. మౌనిక బండి ఎక్కింది కానీ అంత బరువును నిలబెట్టలేకపోయింది. పాపం అనిపించి సగం సగం పారబోశాను.

పాలమ్మేవాడెవడూ చేయని పని అది. నిండా ఉన్న డబ్బా బండితో పాటు వస్తుంది. సగమైన డబ్బాలో పాలు మలుపు దగ్గర ఒక పక్కకు ఉరికి బండిని లాగేస్తాయి. అందుకే సగం పోసినాక మేం మలుపుల్లో కాలు కింద పెట్టి తిప్పుతాం. మన ఊళ్లో పాలు పోసినప్పటి నుంచి, ఇరవై ఏళ్లుగా నా కాలికి తెలిసిన సంగతి, పిల్ల మీద జాలితో ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

తిన్నగా పోయినంతసేపు బాగానే పోయింది. "ఇడిసిపెట్టు బాపు, నేను పోత" అంది. విడిచిపెట్టాను. కూలిన గోడ దగ్గర మలుపు తిప్పింది, నీళ్లు ఒక పక్కకు వచ్చాయి, బండి కుడివైపు పడింది. డబ్బా రాయికి తగిలింది. మౌనిక చెయ్యి హ్యాండిల్ కింద ఉంది. ఇంకో డబ్బా మూత ఊడి నీళ్లు బాట మీద పారుతున్నాయి.

అక్కా, ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పరుగెత్తుతూనే తల ఎత్తి చూస్తే అటు నుంచి రఫీక్ భాయ్ ఉరుకుతూ వస్తున్నాడు. ఆదివారం అక్కడ ఆటో కడుక్కుంటాడని నాకు తెలియదు. ఆయనను చూడగానే నా చెయ్యి ముందు డబ్బా మూత మీదికి పోయింది. కింద పడిన మూత తీసి డబ్బాకు పెట్టి నొక్కాను. నా బిడ్డ బండి కింద ఉంది, నేను నీళ్లు దాస్తున్నాను. మౌనిక ఏడవలేదు. నా చెయ్యినే చూస్తోంది.

రఫీక్ భాయ్ బండి ఎత్తుతూ, "డబ్బా ఛోడ్ మియా, బచ్చీ కో దేఖ్" అన్నాడు. డబ్బా వదిలెయ్, పిల్లను చూడు అని. పరాయి మనిషి చెప్తే నా పిల్లను నేను ఎత్తుకున్నాను. తన ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయాడు, కట్టు కట్టేదాకా కూర్చున్నాడు, కిరాయి ఇస్తే వద్దని చేతులు జోడించాడు. ఇప్పటికీ రోజూ గిన్నె పట్టుకొని వస్తాడు, పాలు పోయించుకుంటాడు. కానీ ఆ పానీ, దూద్ మాట మాత్రం మళ్లీ అనలేదు. ఒక్కసారి అన్నా బాగుండు.

ఇంటికి వచ్చాక సరళ ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మౌనిక చెప్పింది. "నేనే జోరుగ తిప్పిన అమ్మా. బాపు చెయ్యి గుంజుకొని పోయిన. డబ్బాలు ఖాళీయే." డబ్బాల సంగతి ఎవరూ అడగలేదు. అప్పుడే నాకు అర్థమైంది, నేను మూత పెట్టి నీళ్లు దాచడం అది చూసిందని. నేను తల వంచుకొని నిలబడ్డాను, అంతే.

ఈ మూడు వారాలుగా సరళ పిల్లను తిడుతూనే ఉంది. తల దువ్వేటప్పుడు తిడుతుంది, అన్నం కలిపేటప్పుడు తిడుతుంది. "పట్టుకున్న తండ్రి చెయ్యి గుంజుకొని పోతవా? ఏం జోరే నీకు?" అని. నేను పక్కనే కూర్చొని తింటుంటాను. మొన్న సరళ డబ్బా తోముతూ సొట్ట మీద వేలు పెట్టి, "ఖాళీ డబ్బాకు గింత సొట్ట వడ్తదా?" అంది. రాళ్ల నేల కదా అన్నాను. మళ్లీ తోముకుంది.

నిన్న తబేలాలో మౌనికతో అన్నాను, అమ్మకు నిజం చెప్పేస్తానని. బర్రెకు గడ్డి వేస్తున్నది ఆగి, "ఒద్దు బాపు. చెప్తె బండి ముట్టనియ్యది. నన్ను తిడ్తె తిట్టనియ్యి" అంది. ఎడమ చేత్తో ఇంకో పిడికెడు గడ్డి వేసి, "కట్టు ఇప్పినంక మళ్ల పోదామా?" అని అడిగింది. నిజం చెబితే దానికి ఉన్న ఒక్క సంతోషం పోతుంది. చెప్పకపోతే, తప్పు చేసి పిల్ల వెనుక దాక్కునే తండ్రి ఎలా ఉంటాడో అది రోజూ చూస్తుంది. రెండోదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

సరళ ముందు నిలబడి ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు లేదు, మూడుసార్లు మొదలుపెట్టి వానల గురించి మాట్లాడాను. నా ఉత్తరాలకు చిరునామా ఎప్పుడూ మౌనికే రాస్తుంది, నా రాత పోస్టుమాన్‌కు అర్థం కాదని. ఇప్పుడు దాని చేతికి కట్టు ఉంది. అందుకని కవరు అంటించకుండా, కాగితాలు బయటకు కనిపించేలా పెట్టి, చిరునామా రాసి పోస్టు డబ్బాలో వేయమని సరళకు ఇస్తాను. ఇచ్చి పాలు పిండే వేళయిందని తబేలాకు పోతాను. చదువుతుందో లేదో దాని ఇష్టం. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చిందంటే కవరు మీది అక్షరాలు సరళవేనని తెలుసుకో.

వీలైతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు పుంటికూర తొక్కు పంపు. ఇక్కడ దొరికేదానికి పులుపే లేదు. బావకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా మీద కోపం వచ్చినా మౌనికను దీవించు, చెయ్యి తొందరగా అతుక్కోవాలని మన ఇంటి దేవుడికి ఒక దీపం పెట్టు. నాకు దీవెన అడిగే ముఖం లేదు, అయినా నీ తమ్ముణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
మల్లేశం


వదినా, నేను సరళను. చిరునామ రాయమని కవరిచ్చి బర్ల కాడికి పోయిండు. అంటించలేదు, మొత్తం చదివిన. సొట్ట చూసిన నాడే అనుమానం వచ్చింది గాని, పిల్ల నాతోని అబద్ధం చెప్తదని అనుకోలే. మూడు వారాలు ఉత్తగ తిట్టిన. గిప్పుడు అది నిద్రపోతుంటే దాని కాళ్ల కాడ కూసొని రాస్తున్న. ఆయన వచ్చినంక ఏమంటనో నాకే తెల్వది. కట్టు ఇప్పినంక పిల్ల బండి నడుపుతది. డబ్బాలు ఇంట్లనే ఉంటయి. వెనుక పట్టుకొని ఉరికేది నేను.