మీ మండలంలో మరణాలు లేవు

మరియమ్మక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఐదేళ్లు. పొద్దున బావ నరసరావుపేట వచ్చి, ఆరోగ్యశాఖ ఆఫీసువాళ్లు పంపిన జవాబు నా చేతిలో పెట్టాడు. కరోనా డ్యూటీలో చనిపోయిన వాళ్ల జాబితాలో నీ పేరు చేర్చడం కుదరదట.

ఆశా కార్యకర్తగా బొల్లాపల్లి మండలంలో ఇల్లిల్లూ తిరిగి, కరోనాతో ఎవరు పోయారో రోజూ సాయంత్రం నాకు ఫోన్లో చెప్పేదానివి. ప్రభుత్వ బులెటిన్‌లో లేనిది రాస్తే కేసు పెడతామని మా విలేకరులకు ఆదేశాలొచ్చాయి. నేను బులెటిన్‌నే వార్తగా పంపాను.

"ఏంది తమ్ముడూ, మా ఊళ్లో ముగ్గుర్ని పూడిస్తే నీ పేపర్లో ఒక్కళ్లూ పోలేదే? మళ్లీ లేచొచ్చారా?" అన్నావు.

నువ్వు పోయిన రోజు కూడా బులెటిన్ ప్రకారం మీ మండలంలో మరణాలు లేవు. అదీ అలాగే పంపాను.

ఇవాళ్టి జవాబుకు రుజువుగా నువ్వు పోయిన మర్నాటి పేపరు కటింగు జతచేశారు. బావ కళ్లజోడు తెచ్చుకోలేదు. "ఏందయ్యా అది? చదువు" అన్నాడు. చదివాను.

"ఎవరు రాశారయ్యా ఇది?"

"నేనే బావా."

బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బొల్లాపల్లి బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.