అతుకు లేని కడ్డీ

బావమరిదికి దీవెనలు.

మీ అక్క పోయిననాడు వచ్చి అరగంటలో వెళ్లిపోయావు. మళ్లీ పలకరింపు లేదు. కంగారుపడకు, దెప్పడానికి రాయడం లేదు. లోహాల వర్గీకరణ ఆఫీసులో ఉన్నావు గనక నీతో పని పడింది.

పార్సిల్లో మూరెడు కడ్డీ ఉంది. ఒక కొస రాగి, రెండో కొస ఇనుము. పొరపొరకీ చెంచాడు రాగి పొడి తగ్గించి, చెంచాడు ఇనుప పొడి పెంచుతూ మీ అక్క పోసింది. నేను అదిమి కొలిమిలో కాల్చాను. ఎన్నో పాడయ్యాక ఇదొక్కటే కుదిరింది. దీన్ని ఆవిడ పేరున మీ రిజిస్టర్లో ఎక్కించు. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

నీ బావ

తా.క. రెండు కొసలూ చూడు. మొదటి పేజీ చదివి పరీక్షకెళ్లే రకానివి నువ్వు.

*

గౌరవనీయులైన బావగారికి,

కొస పరీక్షించాం. రాగి. నాలుగో సొరుగులో పెట్టాం.

ఇట్లు, వర్గీకరణ గుమాస్తా (మీ బావమరిది)

తా.క. ఫారంలో అక్క పేరుకి గడి లేదు. ‘ఇతరములు’లో రాశాను.

*

ఒరేయ్ బావమరిదీ,

రెండో కొస చూడమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?

బావ

తా.క. నిన్ను ఎత్తుకు పెంచిన అక్క నీకు ‘ఇతరములు’ అయిందిరా?

*

గౌరవనీయులైన బావగారికి,

రెండో కొస ఇనుమే. కానీ ఒక వస్తువుకి ఒకటే సొరుగు. రెండు లోహాలైతే ‘అతికిన వస్తువులు’ సొరుగుంది. అతుకు ఎక్కడుందో తెలపగలరు.

ఇట్లు, గుమాస్తా

తా.క. కోప్పడకండి. నియమం నేను రాసింది కాదు.

*

అతుకు లేదు మొర్రో! అదేరా అందులో గొప్ప! కోసి చూసినా దొరకదు!

బావ

తా.క. దొరికితే నా చెవి కోయించుకుంటాను.

*

గౌరవనీయులైన బావగారికి,

మీ సూచన ప్రకారం కోసి చూశాం. మీ మాటే నిజం, అతుకు లేదు. ఏడు ముక్కలూ ఏడు సొరుగుల్లో చక్కగా సర్దుకున్నాయి.

ఇట్లు, గుమాస్తా

తా.క. మీ చెవి క్షేమం. మీ సహకారాన్ని పై అధికారి మెచ్చుకున్నారు.

*

బావమరిదికి,

నిన్నేమీ అనను. కోసి చూడమన్నట్టు రాసింది నేనే. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చేమో, కడ్డీని తీసుకోలేం. ముక్కలు పంపించు.

బావ

తా.క. కొలిమి ఆర్పేశాను.

*

బావా,

ఆ తా.క. చదివి పై అధికారి గదిలోకి వెళ్లి మొదటిసారి గొంతు పెంచాను. ‘క్రమంగా మారేవి’ అని కొత్త సొరుగు తెరిచారు. దాని మీద అక్క పేరు నేనే రాశాను. లోపల ఖాళీ. కోయని నమూనా కావాలట. ఉన్న ఒక్కదాన్నీ నేనే కోయించాను.

పార్సిల్లో ఆరు ముక్కలే ఉంటాయి. నడిమిది దొంగిలించాను. పొద్దస్తమానం జేబులోంచి తీసి చూస్తున్నాను, రాగి ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు. మీ ఇంటికి రావడం ఎప్పుడు మానేశానో కూడా అలాగే తెలియడం లేదు. ఒక్కరోజులో మానలేదు బావా, చెంచాడు చెంచాడుగా మానేశాను. అక్క ఆఖరి ఉత్తరానికి జవాబివ్వలేదు. ఏడుపొస్తోంది.

ఆదివారం వస్తున్నాను. అక్కలా పొరలుగా పొడి పోయడం నాకు రాదు. లెక్క తప్పితే మొట్టికాయ వేయండి.

మీ బావమరిది

తా.క. ఆ చెంచా పారేయలేదు కదా?