భూమి మింగిన మా మంచినీళ్ల చెరువు

విజయవాడ, కాలువల ఇంజినీరు గారి సముఖమునకు, చల్లపల్లికి దిగువన సముద్రపు ఒడ్డు పల్లెపాలెం కాపురస్థురాలు, చేపల బేరం చేసుకొను నాగలక్ష్మి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: భూగర్భ వేడి పరిశోధనకు వాడేసిన మా తాగునీటి చెరువును తిరిగి నింపుటకు, కట్టేసిన కాలువను ఒక్క వంతు వదలవలెనని కోరుట.

1. మా ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఏటా వేసవిలో కాలువ కట్టేసేలోపు చెరువు నింపుకొని, మళ్లీ వదిలేదాకా ఆ నీళ్లే తాగుట మా ఆనవాయితీ. ఇది తమరికి తెలియనిది కాదు.

2. సదరు చెరువు పక్కన పరిశోధన కంపెనీ వారు చాలా లోతుకు రెండు బోర్లు దించినారు. ఒక బోరులో నీళ్లు గట్టిగా ఎక్కించి, అడుగునున్న వేడి రాళ్లను పగలదీసి, రెండో బోరులోంచి ఆ నీళ్లనే వేడిగా పైకి తెచ్చి కరెంటు తీయవచ్చునా అని చూచుట వారి పని. అందుకు చెరువు నీళ్లడిగినారు. వారి ఇంజినీరు మణికుమార్ గారు గ్రామసభలో, "ఇటు పంపితే అటొచ్చేస్తాయండీ, ఎక్కడికీ పోవు" అని సెలవిచ్చినారు. మా కులపెద్ద కొండలయ్య గారు లేచి, "పాటుకి పోయిన నీరు పోటుకి రాకుండా ఉంటదా? ఇచ్చేద్దాం" అన్నారు. ఆటుపోట్లు చూసుకొని బతికేవాళ్లం, నమ్మినాము. అందరూ ఒక చెయ్యి ఎత్తితే నేను రెండూ ఎత్తినాను.

3. నీళ్లు పోయినవి. రాలేదు. బిందెడు బురద పొగలు కక్కుతూ వచ్చి ఆగిపోయినది. అదీ ముట్టుకోరాదట. నిలదీస్తే, "పగుళ్లు మేమనుకున్న వైపు పోలేదమ్మా. పరిశోధనంటే ఇంతేనండీ" అన్నారు మణికుమార్ గారు. ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కూడా కాలేదు.

4. కంపెనీ ట్యాంకరు వచ్చుచున్నది గాని సగం ఊరికి అందుట లేదు. మా అమ్మాయి పచ్చి బాలింత. స్నానం మాట దేవుడెరుగు, తాగడానికే కొలిచి పోస్తున్నాను. నీళ్లు బాగా తాగితేనే పాలు పడతాయని నర్సమ్మ చెప్పింది. చంటివాడు ఏడుస్తున్నాడు. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల నాలుక తడుపుకొని పడుకుంటే చూడలేకపోతున్నానయ్యా. భయంగా ఉంది.

5. పరిశోధన చెడ్డదని మేము అనము. కరెంటు వస్తే మాకూ సంతోషమే. అందాకా బతికుండాలి గదా.

కావున తమరు దయతలచి లాకు తలుపులెత్తించి, మా చెరువుకు ఒక్క వంతు నీళ్లు వదిలించవలెను.

చిత్తగించి మేలు చేయుదురని కాలువ వంకే చూచుచున్న
తమ విధేయురాలు,
నాగలక్ష్మి

మరొక మనవి: విచారణకు వస్తే తాగడానికి నీళ్లు వెంట తెచ్చుకోండి. గుమ్మంలోకి వచ్చిన మనిషికి నీళ్లివ్వకుండా కూర్చోబెట్టడం మా అమ్మాయికి చేతకాదు. నేను వద్దన్నా వినదు, తనకని ఉంచినవే తెచ్చి చేతిలో పెడుతుంది. తాగకండి బాబూ.