తోకబండి

ఫిబ్రవరి 17, సోమవారం

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అన్నయ్యగారి మోకాలికి కొత్త డాక్టరు ఇచ్చిన పట్టీ ఏమైనా పనిచేస్తోందా? ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఎంత క్షేమమో కింద చదివి మీరే తేల్చండి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అనుకుంటారేమో. ఏం చెయ్యను? ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. కాగితాన్నయితే అలా పెట్టెయ్యలేరు. చింపి పారెయ్యాలన్నా ముందు రెండు ముక్కలు చదవాలి కదా.

మీరన్న మాటలు మీ కోడలు పొల్లు పోకుండా నా చెవిన వేసింది. యాభై దాటాక ఈ సైకిలు పిచ్చేమిటి, అదీ ఆ ఇంట్లోనా, తమ్ముడి కళ్లెదురుగా గోడకి సైకిలు ఆనించడానికి దానికి చేతులెలా వచ్చాయి అన్నారట. అన్నందుకు నాకు కోపం లేదు. ఆయన్ని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన చేతులు మీవి. మీరు కాకపోతే ఎవరంటారు?

ఆ రోజు సంగతి మీకు తెలియనిది కాదు. మీ తమ్ముడు స్టాపులో జనాన్ని దించి, అద్దం చూసుకుని, బస్సు కదిలించారు. అద్దంలో కనపడని ముందు మూలలోకి ఒకాయన సైకిలు మీద వచ్చి ఇరుక్కున్నాడు. గడియారాలు బాగుచేసేవాడు, దుకాణం తెరవడానికి వెళుతున్నాడు. ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు. విచారణలో తప్పు మీ తమ్ముడిది కాదని తేల్చారు, ఉద్యోగంలోకి రమ్మని డిపో నుంచి రెండుసార్లు కబురు పంపారు. ఆయన వెళ్లి తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశారు. అంతవరకే మీకు తెలుసు.

మీకు తెలియనిది మా ఇంట్లో జరిగేది. ఎంత దూరమైనా నడిచే వెళ్తారు. తప్పక బస్సెక్కితే చివరి సీట్లో కళ్లు మూసుకు కూర్చుంటారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా, భోజనానికి కూర్చున్నా, ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. లేని బ్రేకుని తొక్కుతున్నట్టు. ఆ కుర్చీ కింద చాప అక్కడొక్క చోటే అరిగి చిరిగింది. నేను మరో చాప వేశాను, అదీ అరుగుతోంది. ఆయనతో మాట్లాడ్డం గోడతో మాట్లాడ్డమే. గోడే నయం, కనీసం మొహం తిప్పుకోదు.

అలాంటి ఇంట్లోకి నేను సైకిలు తెచ్చాను. నిజమే. రెండు రోజులు ఆయన నాతో కలిసి తినలేదు. ఎందుకు తెచ్చానంటారా, నాకూ లోకం చూడాలని ఉంది వదినగారూ. పాతికేళ్లుగా అదే కుట్టుమిషను, అదే కిటికీ, బడి పిల్లల అవే నీలం నిక్కర్లు. మా కుట్టు దుకాణం పక్కనే సైకిళ్ల బృందం వాళ్లు కలుసుకునే చోటు. వాళ్ల పెద్దాయన్ని అందరూ కెప్టెన్ అంటారు, నోరు తెరిస్తే ఆజ్ఞలే. కుట్టుమిషను తొక్కిన కాళ్లకి సైకిలొక లెక్కా అని ఆయనే ఓసారి నవ్వులాటకి అన్నారు. నేను నవ్వులాటగా తీసుకోలేదు.

మే నెలలో పెద్ద యాత్ర ఉంది. ఒక సముద్రపు ఒడ్డున మొదలై, రెండు ఖండాలు దాటి, ఇంకో సముద్రం దగ్గర ఆగుతుంది. భయపడకండి, మమ్మల్ని గాలికి వదిలెయ్యరు. సామాను, గుడారాలు, వంట, మందులు అన్నీ బండ్లే మోస్తాయి, మా పనల్లా తొక్కడమే. మనిషికి ఒక పెట్టె ఇచ్చారు, నెలల తరబడి బతకాల్సినదంతా అందులోనే పట్టాలి. నేను రోజూ సర్దుతున్నాను, రోజూ మూత పడటం లేదు. టీకాలకి రెండు జబ్బలూ వాచాయి. కూర్చునే చోటు సంగతి ఉత్తరంలో రాయదగ్గది కాదు, మీరే ఊహించుకోండి. హాల్లో పాత పేపర్లు పరిచి చక్రం ఊడదీసి ట్యూబు మార్చడం నేర్చుకున్నాను. మొదటిసారి బిగించిన చక్రం వీధి చివర ఊడి నాకంటే ముందు పోయింది.

మీ తమ్ముడు మొదట్లో తలుపేసుకునేవారు. తర్వాత నేను బయలుదేరిన ప్రతిసారీ కిటికీ దగ్గర నిలబడటం, తిరిగొచ్చేదాకా అక్కడే ఉండటం. చివరికి ఒకరోజు తానూ వస్తానన్నారు. మా వెనక ఒక బండి వస్తుంది, దాన్ని తోకబండి అంటాం. నీళ్లు, మందులు, విడి చక్రాలు అందులో ఉంటాయి. దానికి ఒకటే నియమం. ఎవరు అందరికంటే వెనకబడితే వాళ్ల వెనకే రావాలి, వాళ్లని దాటి పోకూడదు. ఆ వెనకబడే మనిషి ఎప్పుడూ నేనే. బృందంలో నాకు తాబేలమ్మ అని పేరు పెట్టారు. మోకాళ్ల నొప్పులమ్మా, ఏం చెయ్యను అని నేనూ నవ్వేస్తాను. మీ తమ్ముడు తోకబండిలో డ్రైవరు పక్కన కూర్చుని నా వీపు చూస్తూ వచ్చేవారు.

క్రితం నెల కొండదారిలో ఉండగా తోకబండి డ్రైవరుకి కడుపునొప్పి మెలితిప్పేసింది. కెప్టెన్ ఆయన్ని కారులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. వాన పట్టుకుంది. మిగతావాళ్లంతా ముందు మలుపులు దాటిపోయారు. ఆ దారిలో లారీలు రువ్వున దిగుతున్నాయి, వెనక దీపాలు వెలిగించుకుని ఒక బండి కాపు కాస్తే తప్ప మాలాంటి వాళ్లని ఎవరూ చూసుకోరు. అంత పెద్ద బండి నడిపే లైసెన్సు అక్కడ మీ తమ్ముడొక్కరికే ఉంది. నేను తోకబండి కిటికీ దగ్గరికి వెళ్లి నీళ్లు తాగి, చీకటి పడేలోపు దిగాలి, నేను వెళుతున్నానండీ అని చెప్పి సైకిలెక్కేశాను. రెండు మలుపులు తిరిగేదాకా వెనక ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇంజను వినపడింది.

బండి చాలా దూరంగా, మనిషి నడక వేగంతో వచ్చింది. కింద ఊళ్లో ఆగాక ఆయన దిగి, గుడ్డతో అద్దాలు తుడుస్తూ నిలబడ్డారు. తుడిచిందే తుడిచారు.  మర్నాడు పొద్దున, మళ్లీ ఎప్పుడు వెళుతున్నారని అడిగారు. మళ్లీ వెళ్లినప్పుడు తాళాలు ఆయనే అడిగి తీసుకున్నారు, ఆ తర్వాతా అంతే.

ఇప్పుడు కెప్టెన్ పెద్ద యాత్రకి తోకబండి మీ తమ్ముడే నడపాలంటున్నారు. ఇంత జాగ్రత్తగల చెయ్యి తాను చూడలేదట. ఒకే ఒక్క ఫిర్యాదు, ఈయన హారన్ ముట్టుకోరు. దారిలో ఆవు పడుకున్నా, అది లేచి ఒళ్లు విరుచుకుని పోయేదాకా కూర్చుంటారు. కెప్టెన్ అడిగితే ఈయన అక్కని అడగాలన్నారు.

అందుకే ఈ ఉత్తరం. వచ్చే ఆదివారం మీకు ఫోన్ చేసి అడుగుతారు. మీరు వద్దంటే ఆయన మళ్లీ ఆ కుర్చీలోకి వెళ్లిపోతారు, ఇక అందులోంచి ఎవరూ లేపలేరు. మీరు వెళ్లమంటే వెళతారు. మీ మాట దాటిన మనిషి కాదని మీకూ తెలుసు. నా మీద కోపం ఎంతైనా ఉంచుకోండి, దాన్ని ఆయన మీదికి రానివ్వకండి. ఇదంతా నా స్వార్థమే అనుకోండి, పర్వాలేదు. అంత దూరం పోయే ఆడమనిషికి వెనక మనవాళ్లు ఒకరుంటే ధైర్యం. నా కోసమైనా వెళ్లమని చెప్పండి.

అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

మీ ఆశీస్సులు కోరే,
మీ మరదలు

తా.క. కవరు అంటించి, చెప్పులేసుకుని, మళ్లీ విప్పి రాస్తున్నాను. పైన రాసినదాన్ని బట్టి మీరు సరేనన్నా, అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒప్పించినట్టే అవుతుంది. అది నా వల్ల కాలేదు.

నాకు మోకాళ్ల నొప్పులు లేవు వదినగారూ. నేను నెమ్మది మనిషినీ కాను. మీ తమ్ముడు రాని రోజుల్లో కెప్టెన్‌నే దాటిపోతాను. వచ్చిన రోజుల్లో వెనకబడతాను. బూటు లేసు కట్టుకుంటానని ఆగుతాను, నీళ్లు తాగుతానని ఆగుతాను, అందరూ ముందుకు పోయేదాకా ఏదో ఒకటి చేస్తాను. ఆరోజు కొండ మీదా అంతే చేశాను. తోకబండి చివరి మనిషి వెనకే రావాలి కదా. ఆ చివరి మనిషి నేనే కావాలి. ఆయన చక్రాలకి ముందు ఎవరో ఒక సైకిలుంటే తప్ప ఆ భయం వదలదని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది. డాక్టర్లు చెప్పారా అంటే లేదు, ఎవరూ చెప్పలేదు. సైకిలు కొన్నదే అందుకు. లోకం చూడాలన్నది మీకోసం అల్లిన మాట. జరగరానిది జరిగితే అది నా మీదే జరగాలి, ఇంకొకరి ఇంటి దీపం మీద కాదు.

ఆ కొండదారిలో ఇంజను చప్పుడు దగ్గరవుతుంటే నా వీపు చెక్కలా బిగుసుకుపోయింది. ముప్ఫై ఏళ్లు కాపరం చేసిన మనిషికి భయపడ్డాను. సిగ్గుతో రాస్తున్నాను. ఇప్పటికీ కొంచెం భయపడతాను.

ఇంకోటి కూడా తెలియాలి మీకు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన కాలు కదల్లేదు. నేను బల్ల కింద వంగి మరీ చూశాను. కానీ వారం తిరక్కుండా నిద్రలో అరుస్తూ లేచారు. అడిగితే చెప్పారు. ఇదివరకు కలలో గడియారాలాయన కనపడేవాడట, ఇప్పుడు చక్రం కింద నేనుంటున్నానట. చెప్పి, పొద్దున లేచి బండి నడపడానికి వచ్చారు. నేను చేస్తున్నది మందో విషమో నాకే తెలియడం లేదు. నర్సుగా అంతమందిని చూశారు, మీకు తెలిస్తే చెప్పండి. తప్పంటే నన్ను తిట్టండి, మానేస్తాను. ఆయనతో మాత్రం అనకండి. మీ కడుపులో మాట దాగదని నాకు తెలుసు, ఈ ఒక్కటీ ఎలాగో దాచండి. నేను కావాలని వెనకబడుతున్నానని తెలిసిన రోజున ఆయన తాళాలు మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు.

ఒక్క సంగతి మాత్రం నేను లెక్క వేసుకోలేదు. వేగంగా తొక్కడం నాకు ఇష్టమైపోయింది. ముందు ఎవరూ లేని రోడ్డు చూస్తే కాళ్లు ఊరుకోవు, వాటిని పట్టి ఆపడమే నాకిప్పుడు అన్నిటికంటే కష్టం. రెండు ఖండాలూ ఇలా ఆపుకుంటూనే పోతాను. ఎక్కడో ఒకచోట, ఏ ఎడారి రోడ్డు మీదో, నా నత్తనడక చూసి చూసి ఆయనకి విసుగొస్తుంది. తలకాయ బయటపెట్టి, కదలవే అని అరిచి, హారన్ గట్టిగా కొడతారు. ఆ హారన్ వినపడిన రోజున నేను ఉన్న సత్తువంతా పెట్టి పోతాను వదినా, వెనక్కి తిరిగి కూడా చూడను.

ఆదివారం పొద్దున ఫోన్ దగ్గరే ఉండండి.